నూనెను పాడుచేసే ఎంజైమే విలువ కూడా పెంచుతుంది: మన పిల్లలు నేర్చుకోవాల్సిన నీళ్ళ లెక్క

పోస్టు కొంచెం పెద్దది. సైన్సు చదివినవాళ్ళే కాదు, ఆర్ట్స్ వాళ్ళు కూడా చివరిదాకా చదవండి. చివర్లో అందరికీ పని ఉంది.

ముందు ఒక సంగతి చెప్తా. పోయిన వానాకాలం మొదట్లో నేను ఇంటికి పోయినప్పుడు మా నాయనమ్మ, చిన్నమ్మ కలిసి పదిహేను రోజులు ఏరిన ఇప్పగింజలు పలుకులు తీసి గోనెసంచుల్లో పోసి ఉన్నాయి. నాలుగు రోజులు ముసురు పట్టింది. ఎండబెట్టడానికి ఎండ లేదు. ఐదో రోజు సంతకి తీసుకుపోతే షావుకారు సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు పలుకు తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "తడి ఉందమ్మా, పలుకు కూడా నల్లబడింది. ఇది గానుగలో పోస్తే నూనె చేదొస్తది" అన్నాడు. కిలోకి నాలుగు రూపాయలు తగ్గించాడు. మా నాయనమ్మ నా మొహం చూసింది. మనవడు కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు కదా, ఏమన్నా అంటాడేమోనని. నేనేం అనలేదు. అనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎస్టరిఫికేషన్ మీద పది మార్కుల ప్రశ్న రాసి వచ్చినవాణ్ణి, మా ఇంటి గోనెసంచిలో జరుగుతున్నది అదే చర్య తిరగబడి అని మాత్రం నాకు తట్టలేదు.

ఆ రోజు నుంచి చదివి తెలుసుకున్నది, ఇప్పుడు నాకు కలిగిన అభిప్రాయం మీ ముందు పెడుతున్నా.

ముందు సంచిలో ఏం జరిగిందో చూద్దాం. నూనె అంటే ఏమిటి? గ్లిజరాల్ అనే ఒక ఆల్కహాల్‌కి మూడు ఫ్యాటీ యాసిడ్లు అతుక్కుని ఉన్న పదార్థం. అతుకు ఉన్న చోటును ఎస్టర్ బంధం అంటాం. ప్రతి నూనెగింజలోనూ లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. గింజ మొలకెత్తేటప్పుడు పిల్లమొక్కకి తిండి కావాలి కదా, అప్పుడు ఈ లైపేజ్ నూనెను తెంపి వాడకానికి ఇస్తుంది. అంటే అది గింజకి శత్రువు కాదు, గింజ తన బిడ్డ కోసం దాచుకున్న కత్తెర. ఆ కత్తెర నడవాలంటే నీళ్ళు కావాలి. ప్రతి బంధం తెగడానికి ఒక నీటి అణువు ఖర్చవుతుంది. మన సంచిలోకి తడి చేరింది. గింజలోని లైపేజ్, తడికి పట్టిన బూజులోని లైపేజ్ రెండూ పనిలోకి దిగాయి. నూనె తెగి విడి ఫ్యాటీ యాసిడ్లు పెరిగాయి. గానుగవాడు నూనె పాడయిందనేది, షావుకారు రేటు తగ్గించేది దీనికే.

ఇది మన ఇప్పగింజ ఒక్కదాని బాధ కాదు. తవుడు సంగతి చూడండి. బియ్యం మర ఆడిన కొన్ని గంటల్లోనే తవుడులోని లైపేజ్ నూనెను తెంపడం మొదలుపెడుతుంది. అందుకే తవుడు నూనె తీసేవాళ్ళు తవుడును వెంటనే వేడి చేసి ఆ ఎంజైమ్‌ని చంపేస్తారు. మా నాయనమ్మ ఇంట్లో వాడుకునే నూనెకి ఏం చేసేదో గుర్తొచ్చింది. పలుకు దంచి, ఆవిరి పెట్టి, వేడి మీదే పిండేది. ఎందుకని అడిగితే "అట్లయితేనే నూనె బాగా దిగుద్ది" అనేది. నూనె బాగా దిగడమే కాదు, ఆ ఆవిరికి ఎంజైమ్ కూడా చచ్చేది. ఇంట్లోకి చేసుకున్న నూనె బాగుండి, అమ్మకానికి పోసిన గింజ పాడవడానికి తేడా ఇక్కడ ఉంది.

ఇక అసలు విషయానికి వస్తా. నీళ్ళుంటే బంధాన్ని తెంపే ఈ లైపేజే, నీళ్ళు బాగా తగ్గించేస్తే ఆ బంధాన్ని అతికిస్తుంది. ఫ్యాటీ యాసిడ్, ఆల్కహాల్ దాని ముందు పెడితే రెంటినీ కలిపి ఎస్టర్ చేసి, ఒక నీటి అణువును బయటికి వదులుతుంది. ఎంజైమ్ ఏ చర్యకీ పక్షపాతి కాదు. రెండు వైపులకీ దారి తీస్తుంది. ఎటు పోవాలో చెప్పేది అక్కడ ఉన్న నీళ్ళు. మనం ఇంటర్‌లో చదివిన లీ షాట్లియే సూత్రం ఇదే. పరీక్షలో రాశాం, సంచిలో చూడలేదు.

"ఎంజైమ్ అంటే నీళ్ళల్లోనే పనిచేస్తుంది కదా" అని చాలాకాలం అందరూ అనుకున్నారు. 1984లో అమెరికాలోని ఎంఐటీలో జాక్స్, క్లిబనోవ్ అనే ఇద్దరు పంది క్లోమం నుంచి తీసిన లైపేజ్‌ని దాదాపు నీళ్ళు లేని ద్రవంలో పెట్టి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేయించారు. నీళ్ళల్లో అయితే ఆ వేడికి అది క్షణాల్లో చచ్చిపోతుంది. పొడి ద్రవంలో గంటల తరబడి నిలబడింది. దానికి ముందే, 1902లో, జర్మనీలో కోన్‌స్టైన్, హోయర్, వార్టెన్‌బర్గ్ అనేవాళ్ళు ఆముదపు గింజలోని లైపేజ్‌తో కొవ్వును తెంపి ఫ్యాటీ యాసిడ్లు చేయవచ్చని చూపించారు. గమనించండి, ఆముదపు గింజ. ప్రపంచంలో ఆముదం అందరికంటే ఎక్కువ పండించేది మన దేశమే. పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండుతుంది, మన గూడేల పక్కన దొడ్లో కూడా మొలుస్తుంది.

ఇంకోటి బొప్పాయి. పచ్చి బొప్పాయికి గీత పెడితే కారే పాలు మనందరికీ తెలుసు. అందులోని పపైన్ మాంసం మెత్తబడటానికి పనికొస్తుందని కూడా తెలుసు. పపైన్ నీళ్ళల్లో కరిగిపోతుంది. దాన్ని కడిగేశాక మిగిలే, కరగని తెల్లటి పదార్థంలో లైపేజ్ అంటిపెట్టుకుని ఉంటుంది. ఫ్యాక్టరీలవాళ్ళు ఎంజైమ్‌ని ప్లాస్టిక్ పూసల మీద అతికించి మళ్ళీ మళ్ళీ వాడుకుంటారు, దానికి బోలెడు ఖర్చు. బొప్పాయి పాలలో మాత్రం ఆ అతికించే పని చెట్టే చేసిపెట్టింది. పని అయ్యాక వడకట్టి తీసి మళ్ళీ వాడొచ్చు.

ఈ ఎస్టర్లు ఎవరికి కావాలి? మనం రాసుకునే క్రీములు, లోషన్లలో చర్మం మెత్తగా ఉండటానికి వేసేవి చాలావరకు ఫ్యాటీ యాసిడ్ ఎస్టర్లే. లిప్‌స్టిక్‌లో, యంత్రాల కందెనల్లో, బయోడీజిల్‌లో ఇవే. మామూలుగా వీటిని సల్ఫ్యూరిక్ యాసిడ్ లాంటివి వేసి, బాగా వేడి చేసి చేస్తారు. రంగు మారుతుంది, వాసన వస్తుంది, కడిగి శుభ్రం చేయాలి. ఎంజైమ్‌తో అయితే 50, 60 డిగ్రీల వేడి చాలు, సరుకు శుభ్రంగా వస్తుంది. జర్మనీ కంపెనీ ఎవోనిక్ సౌందర్య సాధనాలకి వాడే ఎస్టర్లు కొన్ని ఇప్పటికే ఎంజైమ్‌తో చేసి అమ్ముతోంది. అందులో ఆముదం నుంచి వచ్చే రిసినోలిక్ యాసిడ్ ఎస్టర్ కూడా ఉంది.

ఇప్పుడు ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇప్పనూనె మీద ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2005లో ప్రచురించిన పేపర్‌లో, వాళ్ళు తీసుకున్న నూనెలో విడి ఫ్యాటీ యాసిడ్ 19 శాతం ఉంది. తినే నూనె శుద్ధి చేసేవాడికి అది నష్టం, ఆ భాగమంతా సబ్బు ముద్దగా పోతుంది. బయోడీజిల్ చేసేవాడికి తలనొప్పి, క్షారం వేస్తే నురగ కడుతుంది. కానీ ఎస్టర్ చేసేవాడికి ఆ విడి ఫ్యాటీ యాసిడే ముడిసరుకు. షావుకారు మా నాయనమ్మకి ఏ కారణం చెప్పి నాలుగు రూపాయలు కోశాడో, ఆ కారణం ఇంకొకడి చేతిలో విలువ అవుతుంది. మధ్యలో ఉన్న తేడా చదువు ఒక్కటే. ఆ చదువు మన పిల్లలు చదువుతూనే ఉన్నారు, కానీ మన గింజ మీద పెట్టడం లేదు. నా అభిప్రాయం సూటిగా ఇదే.

కొందరన్నలు అంటారని తెలుసు. "తమ్ముడూ, జీవో 3 కొట్టేశాక టీచర్ పోస్టులకే దిక్కులేదు. డీఎస్సీ, గ్రూప్స్ చూసుకోవాలా, ఎంజైములు పట్టుకుని తిరగాలా?" నిజమే. 2020లో సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేశాక ఏజెన్సీలో మన పిల్లలకి ఉన్న ఒక భరోసా పోయింది. నేనూ నోటిఫికేషన్ వస్తే రాస్తా. కానీ ఎలాగూ బీఎస్సీలో, ఎమ్మెస్సీలో ఒక ప్రాజెక్టు చేయాలి కదా. ఆ ప్రాజెక్టు నగరంలో డబ్బులిచ్చి కొనుక్కొచ్చిన పాత రిపోర్టు ఎందుకవ్వాలి? మా క్లాసులో నేను ఇప్పనూనె మీద చేస్తానంటే ఒక మేడం "అది పాత టాపిక్, రిఫరెన్సులు దొరకవు" అన్నారు. లైబ్రరీలో వెతికితే పేపర్లు కుప్పలుగా ఉన్నాయి. ఇప్ప మీద, కానుగ మీద, ఆముదం లైపేజ్ మీద, బొప్పాయి లైపేజ్ మీద. గింజ ఏరే ఇంటి నుంచి వచ్చినవాళ్ళు రాసినవి మాత్రం నాకు కనపడలేదు.

ఇంకొకరు అంటారు, "మనం గూడెంలో ఫ్యాక్టరీ పెడతామా?" పెట్టమని నేను అనడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తా, ఎవరికీ ఆశ పెట్టను. ఈ రోజు పరిశ్రమలో నడుస్తున్నది ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీసిన లైపేజ్‌లు. మొక్కల లైపేజ్ ఇంకా ఎక్కువగా ప్రయోగశాల స్థాయిలోనే ఉంది. ఒక చెట్టు పాలకీ ఇంకో చెట్టు పాలకీ బలం తేడా ఉంటుంది, నిల్వ చేస్తే తగ్గుతుంది. మిథనాల్ ఒకేసారి ఎక్కువ పోస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, కొద్దికొద్దిగా పోయాలి. ఆముదపు గింజలో రిసిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంది. నూనెలోకి రాదు గానీ చెక్కలో ఉంటుంది. కాబట్టి ఎవరూ ఇంట్లో ఆముదం పిండి ఆడించి ప్రయోగాలు చేయొద్దు. అన్నిటికంటే పెద్ద చిక్కు నీళ్ళదే. లెక్క చూడండి. 282 గ్రాముల ఒలీక్ యాసిడ్ పూర్తిగా ఎస్టర్ అయితే 18 గ్రాముల నీళ్ళు పుడతాయి. అంటే చర్య ముందుకు పోయేకొద్దీ దాన్ని వెనక్కి లాగే నీళ్ళు అదే తయారుచేస్తుంది. ఆ నీళ్ళు తీసేస్తూ ఉండాలి. మాలిక్యులర్ సీవ్స్ వేస్తారు, లేదా గాలి లాగేసే పంపు పెడతారు. మరీ ఎండగట్టినా కుదరదు. ఎంజైమ్ ఒంటి చుట్టూ పల్చటి తడిపొర లేకపోతే అది బిగుసుకుపోయి పని మానేస్తుంది. ఎక్కువైతే తెంపుతుంది, బొత్తిగా లేకపోతే కదలదు. ఈ మధ్య కొలత పట్టుకోవడమే ఈ శాస్త్రం మొత్తం.

అయితే ఆ కొలత నేర్చుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ఉన్నవాటితో చేయగల ప్రాజెక్టు ఒకటి చెప్తా. పచ్చి బొప్పాయి పాలు సేకరించాలి, చేతులకి గ్లోవ్స్ తప్పనిసరి, ఒంటికి తగిలితే మంట పుడుతుంది. నీళ్ళతో కడిగి పపైన్ తీసేసి, మిగిలింది నీడలో ఆరబెట్టి పొడి చేయాలి. ఆరు మూత సీసాలు తీసుకుని అన్నిట్లో ఒకే లెక్కన ఒలీక్ యాసిడ్, బ్యూటనాల్, కాస్త హెక్సేన్ పోయాలి. నాలుగు సీసాల్లో పొడి వేసి, నీళ్ళు మాత్రం మార్చాలి: ఒకదాంట్లో అసలు కలపకుండా, మిగతా మూడింట్లో ఒక శాతం, ఐదు శాతం, ఇరవై శాతం. ఐదో సీసాలో పొడి వేయొద్దు. ఆరోదాంట్లో బాగా ఉడికించి చంపి, ఆరబెట్టిన పొడి వేయాలి. గోరువెచ్చగా ఉంచి, ఊపుతూ, రోజూ కొంచెం తీసి ఫినాల్ఫ్తలీన్ వేసి క్షారంతో టైట్రేషన్ చేయాలి. యాసిడ్ తగ్గిందంటే ఎస్టర్ అయినట్టు. ఏ సీసాలో ఎంత తగ్గిందో గీత గీస్తే నీళ్ళ లెక్క మీ కళ్ళ ముందు ఉంటుంది. మొదటిసారే రాకపోవచ్చు. బొప్పాయి లైపేజ్‌కి చిన్న గొలుసు యాసిడ్లంటే ఇష్టం ఎక్కువ, ఒలీక్ లాంటి పొడుగు గొలుసులతో నెమ్మదిస్తుంది. రాకపోతే ఎందుకు రాలేదో రాయండి, అది కూడా ప్రాజెక్టే. హెక్సేన్‌కి మంట అంటుకుంటుంది, లెక్చరర్ లేకుండా చేయొద్దు.

ఇదే టైట్రేషన్ ఇంకో పని కూడా చేస్తుంది. షావుకారు ముక్కుతో చెప్పినదాన్ని అంకెతో చెప్తుంది. నూనెలో విడి యాసిడ్ ఎంత ఉందో తేల్చే ఆమ్ల విలువ పరీక్ష అంటే ఇదే, అరగంట పని. అందుకే ఎస్టర్ల దాకా పోకముందే మనకి దక్కే లాభం ఒకటి ఉంది. నీళ్ళు ఏం చేస్తాయో తెలిసినవాడు గింజను వెంటనే ఆరబెడతాడు, లేదా ఆవిరి పెడతాడు, తడి ఎంత ఉందో కొలుస్తాడు, రేటు దగ్గర మాట్లాడగలుగుతాడు.

హక్కుల సంగతి చూస్తే మన చేతిలో కాగితం లేక కాదు. అటవీ హక్కుల చట్టం 2006 చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకి యాజమాన్య హక్కు ఇచ్చింది. 2012లో సవరించిన నిబంధనలు ఇంకా స్పష్టంగా చెప్పాయి: అమ్ముకోవడమే కాదు, ప్రాసెసింగ్, నిల్వ, విలువ పెంచుకోవడం, అడవి బయటికి తీసుకుపోవడం కూడా ఆ హక్కులో భాగమే. 2020 మేలో కేంద్రం ఇప్పగింజకి కిలో 29 రూపాయలు, కానుగ గింజకి 22 రూపాయలు కనీస మద్దతు ధర ప్రకటించింది. 2018 నుంచి వన్ ధన్ కేంద్రాలు ఉన్నాయి. ఉట్నూరులో మన అక్కచెల్లెళ్ళు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు, చూస్తే కడుపు నిండుతుంది. జీసీసీ సబ్బులు కూడా మనం చూసినవే. కానీ పువ్వు లడ్డూ దాకా వచ్చింది, గింజ ఇంకా గోనెసంచి దగ్గరే ఆగింది. చట్టం గింజను మనది చేసింది. గింజలోని రసాయనం మనది కావాలంటే చట్టం చాలదు, మనం కూర్చుని నేర్చుకోవాలి. లేకపోతే రేపు ఎవరో మన ఇప్పనూనెతో ఎస్టర్ చేసి అందమైన సీసాలో పోసి, మీద ఆదివాసీ బొమ్మ వేసి మనకే అమ్ముతారు. మనం ఆ సీసా ఫోటో గ్రూపులో పెట్టి గర్వపడతాం.

అందుకని నేను అడుగుతున్నవి నాలుగు.

ఒకటి. బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బయోటెక్, బోటనీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ ఏడాది ప్రాజెక్టుకి మీ ఊరి గింజ ఒకటి పట్టుకోండి. ఇప్ప, కానుగ, ఆముదం, ఏదైనా సరే. హైదరాబాద్‌లో నూనెల మీద పనిచేసే తార్నాక ఐఐసీటీ ఉంది, రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది. ఇంటర్న్‌షిప్‌కి దరఖాస్తు పెట్టండి. "మనకిస్తారా" అని ముందే మీకు మీరే కాదనుకోవద్దు.

రెండు. ఐటీడీఏలని మనం అడగాల్సింది మీటింగులు, శిక్షణ సర్టిఫికెట్లు కాదు. గింజ కొనే చోట తేమ కొలిచే మీటరు, ఆమ్ల విలువ పరీక్ష చేసే చిన్న బల్ల, వానాకాలంలో ఆరబెట్టే షెడ్డు. ఆ బల్ల దగ్గర కూర్చోడానికి కెమిస్ట్రీ చదివి ఖాళీగా ఉన్న మన పిల్లలు ఊరికి ఇద్దరున్నారు.

మూడు. ఆర్ట్స్, లా చదివేవాళ్ళు 2012 నిబంధనలు చదివి మీ గ్రామసభలో తెలుగులో, కోయలో, గోండిలో, కువిలో చెప్పండి. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. మీ ఊళ్ళో ఉందా, లేదా, ఉంటే అందులో ఎవరున్నారు, కనుక్కోండి.

నాలుగు. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. మీ నాయనమ్మ, అమ్మమ్మ గింజ ఎలా ఆరబెట్టేది, నూనె ఎలా తీసేది, ఎన్ని రోజులు నిల్వ ఉండేది. రాసి పెట్టండి. వాళ్ళు చేసిన ప్రతి పని వెనుక కారణం ఉంటుంది, దాన్ని వెతకడం మన చదువు పని.

మా నాయనమ్మకి నేను ఈ మధ్య ఫోన్‌లో ఇదంతా చెప్పాను. ఎంజైమ్ అంటే ఆమెకి తెలియదు. "గింజలో ఒక పురుగులాంటిది ఉంటది, తడి తగిలితే లేస్తది" అని చెప్పా. ఆమె నవ్వి, "అందుకే కదరా ఆవిరి పెట్టేది" అంది. వచ్చే జూన్‌లో గింజ ఏరే నాటికి నేను తేమ మీటరు ఒకటి కొనుక్కుని పోతా. షావుకారు సంచిలో చెయ్యి పెట్టినప్పుడు ఈసారి నా దగ్గర అంకె ఉంటుంది.

మీలో ఎవరు ఏ కాలేజీలో సైన్సు చదువుతున్నారో, మీ ఊళ్ళో ఏ గింజ దొరుకుతుందో కింద రాయండి. పది మంది వచ్చినా చాలు, కలిసి మొదలుపెడదాం.

జోహార్.